లాభము వాటాదారుకు, ‘ప్రపంచ పరిస్థితి’ కార్మికునికా?

రైల్వే, తపాలా ఉద్యోగ సోదర సోదరీమణులకు కొన్ని సంవత్సరాలుగా ఒక మాట పదే పదే వినవచ్చుచున్నది: “ప్రపంచ ఆర్థిక పరిస్థితుల దృష్ట్యా”. కరువు భత్యం నిలుపుదల చేసినపుడు ఇదే మాట. ఖాళీలు భర్తీ చేయనపుడు ఇదే మాట. పోస్టాఫీసు పొదుపుపై వడ్డీ తగ్గించినపుడును ఇదే మాట. ఉప్పెన వచ్చినట్లు, పిడుగు పడినట్లు, దానికి కర్త ఎవ్వరును లేనట్లు చెప్పుట పాలకుల అలవాటు. ఆ మాటను ఈ సంచికలో భిలాయి ఉక్కునగరం సెక్టర్ 2 వీధులలో నిలబెట్టి పరీక్షింపదలచినాము.

సెక్టర్ 2 ఎందుకు? మన కీమన్ ప్రతి ఉదయం నడచి పరీక్షించు పట్టాలలో అత్యధిక భాగం భిలాయిలో పోతపోసినవి. ఆ పట్టాలను చుట్టినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి విజయనగరం – రాయపూర్ లైను మీదుగా వలసవచ్చిన తెలుగువారు ఎందరో కలరు. వారి ఉత్తరాలు, మనియార్డర్లు బట్వాడా చేసినవారు మనవారు. ఇక ప్రపంచ విపణి ఎచ్చట ఉన్నదని అడిగినవారికి న్యూయార్కు, లండను పేర్లే చెప్పనక్కరలేదు. ఈ సెక్టరు క్వార్టరులోని జీతపు చీటీ మీద దాని వ్రేలిముద్ర ఉన్నది.

ఒక పాత లెక్కతో మొదలు పెట్టుదుము. భిలాయి కర్మాగారానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం జరిగినది. అప్పుపై వడ్డీ రెండున్నర శాతం. పండ్రెండు వార్షిక వాయిదాలలో తీర్చవలెను. చెల్లింపు రూపాయలలో, ఆ రూపాయలతో వారు మన సరకు కొనవలెను. దుర్గాపూరుకు, రూర్కెలాకు బ్రిటిష్, జర్మన్ వర్గాల నుండి తెచ్చిన అప్పుల వడ్డీ ఇంతకు మించినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. మరుసటి సంవత్సరం పట్టాల మిల్లు నడచినది. సోవియట్ వారు ధర్మానికి చేసిరని మేము అనము. వారి రాజకీయపు లెక్క వారికి ఉన్నది. ఆనాడును ప్రపంచ ఆర్థిక శక్తులు ఉన్నవి, డాలరు ఉన్నది, షరతులు ఉన్నవి. అయినను ఏ షరతు అంగీకరించవలెనో, ఏది కాదనవలెనో ఢిల్లీలో కూర్చున్న ప్రభుత్వం నిర్ణయించినది. పరిస్థితి వేరు, నిర్ణయము వేరు అని చెప్పుటకే ఇది జ్ఞాపకం చేయుచున్నాము.

ఇప్పటి పరిస్థితి ఏమి? ఉక్కుకు ఖనిజం కావలెను, కోకింగ్ బొగ్గు కావలెను. ఖనిజం భిలాయికి స్వంతం. దల్లీ–రాజహరా గనుల నుండి వచ్చును. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ గనుక కోకింగ్ బొగ్గులో అధిక భాగం సముద్రం దాటి, ముఖ్యముగా ఆస్ట్రేలియా నుండి, విశాఖ వంటి రేవులకు దిగి మన రేకులలో చేరుచున్నది. దాని ధర డాలర్లలో. 2016లో చైనా తన గనుల పనిదినాలను 276కు కుదించినది. కొద్ది నెలలలో టన్ను ధర వంద డాలర్ల లోపు నుండి మూడు వందలకు చేరినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో అది మార్చి మాసంలో ఆరు వందల డాలర్లు దాటినది. అదే నెలలో అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ పెంచుట ఆరంభించి, సున్నకు దాపుగా ఉన్న రేటును 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి తెచ్చినది. వడ్డీ ఎక్కడ ఎక్కువో ద్రవ్యం అక్కడికే పరుగెత్తును. రూపాయి 2022 అక్టోబరులో డాలరుకు 83 దాటి పడిపోయినది. అనగా టన్ను బొగ్గు డాలర్లలో ఒకమారు, రూపాయలలో మరొకమారు ప్రియమైనది. ఇక అమ్మకం వైపు చైనా 2015లోను, మరల 2024లోను సాలుకు 11 కోట్ల టన్నుల ఉక్కును లోకం మీదికి వదలినది. 2025లో అమెరికా ఉక్కుపై సుంకం మార్చిలో 25 శాతం, జూన్‌లో 50 శాతం చేసినది. మన ప్రభుత్వం ఏప్రిల్‌లో కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించినది.

ఇవన్నియు నిజములే. వీటిలో ఒక్కటియు కల్పితమని మేము చెప్పము. మా ప్రశ్న ఒక్కటే: ఈ ఆటుపోట్లలో మునుగునది ఎవరు, తేలునది ఎవరు?

స్టీల్ అథారిటీ లెక్కల పుస్తకమే సమాధానం చెప్పును. 2015–16లో నష్టం రూ. 4,021 కోట్లు. 2016–17లో రూ. 2,833 కోట్లు. 2017–18లో రూ. 482 కోట్లు. ఉక్కు కార్మికుల వేతన సవరణ సరిగా ఈ మధ్యలో, 2017 జనవరి 1న, గడువుకు వచ్చినది. “సంస్థకు స్తోమతు లేదు” అనినారు. ప్రభుత్వ రంగ సంస్థలు వేతనం పెంచవలెనన్న లాభం చూపవలెనని 2017 నవంబరు నాటి కేంద్ర మార్గదర్శకాలను ముందు పెట్టినారు. కొలిమి దగ్గరి వేడి తగ్గినదా? షిఫ్టు గంటలు తగ్గినవా? ఎవరో ఆస్ట్రేలియా బొగ్గుకు ధర పెంచినందున, ఎవరో చైనా ఉక్కును చవుకగా దించినందున సెక్టర్ 2లోని ఇంటి ఇల్లాలు బియ్యం కొట్టులో అప్పు పెట్టవలసి వచ్చినది. నాలుగున్నర సంవత్సరాల నిరీక్షణ తరువాత 2021 జూన్ 30న కార్మికులు సమ్మె చేసినారు. అక్టోబరులో ఒప్పందం కుదిరినది; అన్ని సంఘాలు సంతకం చేయలేదు. 2017 జనవరి నుండి 2020 మార్చి వరకు, 39 నెలల బకాయిని ఆ ఒప్పందం తేల్చలేదు.

ఇక చక్రం తిరిగిన సంవత్సరం చూడుడు. 2021–22లో ఉక్కు ధరలు ఆకాశాన్నంటినవి. సంస్థ లాభం రూ. 12,015 కోట్లు. వాటా ఒక్కింటికి రూ. 8.75 డివిడెండు పంచినారు. ప్రపంచ పరిస్థితి చెడినపుడు కార్మికుని కడకు వెంటనే వచ్చిన ఆ వార్త, పరిస్థితి బాగుపడినపుడు దారి తప్పి వాటాదారు ఇంటికి పోయినది! తప్పు చిరునామాకు ఉత్తరం బట్వాడా చేసిన పోస్టుమాన్‌కు మెమో ఇత్తురు. ఈ బట్వాడాకు మెమో ఎవరికి?

ఆ వాటాదారులలో 65 శాతం ప్రభుత్వమే కదా అని కొందరు అందురు. నిజమే. మిగిలిన 35 శాతం ఎట్లు బయటికి పోయినది? 1990ల నుండి విడతలు విడతలుగా, చివర 2021 జనవరిలో 10 శాతం అమ్మగా పోయినది. అమ్మిన సొమ్ము బడ్జెటు లోటు పూడ్చుటకు ఖర్చయినది. భిలాయి కొలిమికి అందులో ఏమి దక్కినదో చెప్పగలవారు చెప్పవలెను.

సెక్టర్ 2లో ఇటువంటి ఇల్లు ఒకటి కాదు, ఎన్నో చూపగలము. తండ్రి కర్మాగారంలో మూడు దశాబ్దాలు పనిచేసి విరమించినవాడు. కొడుకు 2004 తరువాత రైల్వేలోనో తపాలాలోనో చేరినవాడు. మనుమడు కాంట్రాక్టరు క్రింద పనివాడు. ముగ్గురి బ్రతుకు ఒకే విపణి చేతిలో మూడు విధాలుగా చిక్కినది.

తండ్రిది 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకం. ఆయన ఎంత జీతం తీసుకొన్నను లెక్కకు వచ్చినది పరిమితి వరకే: 2014 సెప్టెంబరు నుండి రూ. 15,000, దానికి ముందు రూ. 6,500. పరిమితికి మించి చందా కట్టిన వారి వివాదం 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు వరకు నడచినది. ఆ పెన్షనుకు కరువు భత్యం లేదు. కందిపప్పు ధరకు మాత్రం ఆ నియమం లేదు.

మనుమని సంగతి చెప్పుటకు 1991కి వెళ్ళవలెను. ఆ జూలైలో దేశపు బంగారం 47 టన్నులను విదేశీ బ్యాంకుల వద్ద కుదువపెట్టి ‘సంస్కరణలు’ తెచ్చినారు. ఆ సెప్టెంబరు 28ననే భిలాయి ప్రైవేటు కర్మాగారాల కార్మికుల నాయకుడు శంకర్ గుహ నియోగిని నిద్రలో కాల్చి చంపినారు. 1992 జూలై 1న అదే కార్మికులు భిలాయి పవర్ హౌస్ స్టేషనులో పట్టాలపై కూర్చొనగా పోలీసు కాల్పులలో పదిహేను మందికి పైగా నేలకొరిగినారు. వారడిగినది ఏమి? బ్రతుకదగిన కూలి, పని భద్రత, తొలగించిన వారిని తిరిగి తీసికొనుట. రైల్వే సోదరులు ఆ స్టేషను దాటునపుడు ఈ సంగతి ఎరిగి దాటవలెనని మా కోరిక.

మధ్యవాడు మనవాడు. 2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్ర ఉద్యోగికి నిర్ణీత పెన్షను తీసివేసి జాతీయ పెన్షను విధానం తగిలించినారు. అతని జీతం నుండి 10 శాతం, ప్రభుత్వం నుండి మొదట 10, 2019 ఏప్రిల్ నుండి 14 శాతం విపణికి పోవును. “సగటు రాబడి బాగున్నది కదా, మీ ఆందోళన ఎందుకు?” అని ప్రశ్నించువారు కలరు. అందులో అధిక భాగం ప్రభుత్వ రుణపత్రాలే, వాటాలకు హద్దు ఉన్నది అనియు చెప్పుదురు. అది వాస్తవమే. అయితే మనిషి సగటున పదవీ విరమణ చేయడు. ఒక తేదీన చేయును. 2020 జనవరిలో 42,000 సమీపమున ఉన్న సెన్సెక్స్ మార్చి 23 నాటికి 26,000 దిగువకు కూలినది. ఆ నెలాఖరున విరమించినవాని సొమ్ము ఆనాటి ధరకే లెక్క. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనవలెనను నియమంలో, నెలకు ఎంత వచ్చునో ఆనాటి వడ్డీ రేటు తేల్చును. వడ్డీ తగ్గిన సంవత్సరం విరమించిన ట్రాక్‌మన్‌కు తగ్గిన పెన్షను జీవితాంతం. ధరలు పెరిగినను అది పెరగదు. ముప్పది సంవత్సరాలు ఎండలో పట్టా బిగించినవానికి ఇది జూదమా, పెన్షనా?

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో తన ఉద్యోగులకు పాత పెన్షను పునరుద్ధరించినది. అప్పటికే జమ అయిన సొమ్ము తిరిగి ఇమ్మని అడుగగా, చట్టంలో అందుకు వీలులేదని కేంద్రం జవాబు చెప్పినది. సొమ్ము కార్మికునిది, తాళపుచెవి మరొకరిది. ఇక ఏకీకృత పెన్షను పథకం 2025 ఏప్రిల్ 1 నుండి వచ్చినది: 25 సంవత్సరాల సేవకు చివరి పండ్రెండు నెలల సగటు మూలవేతనంలో సగం. విపణిపై నమ్మకం ఉన్నవారే ఇటువంటి హామీ ఇవ్వవలసి వచ్చుట మన పోరాట ఫలితము, అది కాదనము. కాని ఉద్యోగి చందా పోలేదు, సొంత నిధి ఉమ్మడిలో కలిసిపోవుచున్నది. అందులో చేరుటకు గడువును జూన్ నుండి సెప్టెంబరుకు, అక్కడి నుండి నవంబరుకు పొడిగించవలసి వచ్చిన సంగతియే ఉద్యోగుల అభిప్రాయం తెలుపుచున్నది.

ప్రావిడెంటు ఫండు సంగతి మరొక వింత. 2015 ఆగస్టు నుండి కొత్త జమలలో మొదట 5, తరువాత 10, పిదప 15 శాతం వాటాల నిధులలో పెట్టుచున్నారు. ప్రభుత్వ రంగ సంస్థల వాటాలను మూటగట్టి అమ్మిన నిధులు కూడ అందులో కలవు. అనగా కార్మికుని పొదుపుతోనే కార్మికుని సంస్థను అమ్ముదురు! 2018లో కూలిన ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థ అప్పు తొంబది వేల కోట్లు దాటినది. దానికి కొద్ది వారాల ముందు వరకు అత్యుత్తమ శ్రేణి రేటింగు ఉన్నది. దాని బాండ్లు ఎందరో ఉద్యోగుల ప్రావిడెంటు, పెన్షను ట్రస్టుల పెట్టెలలో ఉండెను.

తపాలా కౌంటరును మరువలేదు. 2016 ఏప్రిల్ నుండి చిన్న పొదుపుల వడ్డీని మూడు నెలలకొకమారు ప్రభుత్వ రుణపత్రాల రేటును బట్టి సవరించుచున్నారు. 2021 మార్చి 31 రాత్రి ఆ వడ్డీలను కోసివేయుచు ఉత్తరువు వెడలినది, పి.పి.ఎఫ్. 7.1 నుండి 6.4 శాతానికి. తెల్లవారగానే ఆర్థికమంత్రి అది పొరపాటున జారీ అయినదని ఉపసంహరించినారు. అప్పుడు కొన్ని రాష్ట్రాలలో ఎన్నికలు జరుగుచున్నవి. రాత్రికి రాత్రి ప్రపంచ పరిస్థితి మారినదా? మారలేదు. ఓటు ముందర ‘తప్పనిసరి’ అన్నది తప్పించుకొనదగినదే అని ఆ ఉదయం రుజువైనది.

కరువు భత్యం చరిత్ర పాతవారికి తెలియును. 1973 చివర చమురు ధర నాలుగింతలైనది. మన దేశంలో ధరలు మండినవి. 1974 మే 8న రైల్వే కార్మికులు సమ్మెకు దిగినారు. జూలైలో పెరిగిన భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిటుగా పట్టి ఉంచుచు ఆర్డినెన్సు వచ్చినది. ఆనాడు కనీసం డిపాజిటు అనినారు, తిరిగి ఇచ్చినారు. 2020 ఏప్రిల్ 23 నాటి ఉత్తరువుతో మూడు వాయిదాలు ఆపి, 2021 జూలైలో 17 నుండి 28 శాతానికి పెంచి, నడుమ 18 నెలల బకాయి లేదనినారు. మిగిలినది రూ. 34,402 కోట్లని పార్లమెంటులో చెప్పినారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుండి 22 శాతానికి తగ్గించినపుడు వదలుకొన్న ఆదాయం సాలుకు రూ. 1,45,000 కోట్లని ప్రభుత్వమే చెప్పినది. ఈ రెండు అంకెలను ప్రతి శాఖ నోటీసు బోర్డుపై ప్రక్కప్రక్కన వ్రాసి ఉంచవలెను.

చివరగా విశాఖ. భిలాయి తెలుగువారికి అది పుట్టింటి మాట. 32 మంది ప్రాణాలు బలిగొన్న ఉద్యమంతో సాధించిన ఆ కర్మాగారాన్ని నూటికి నూరు పాళ్ళు అమ్మవలెనని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించినది. 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల సహాయం ప్రకటించినారు. అమ్మకపు నిర్ణయం రద్దయినదని మాత్రం ఆ ప్రకటనలో లేదు. విశాఖ నష్టాలకు విపణి కారణమనుచున్నారు. భిలాయికి స్వంత ఇనుపగని ఉన్నది, విశాఖకు లేదు. ఇదే ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఖనిజాన్ని కిరండోల్ – కొత్తవలస లైనుపై మనవారు విశాఖకు చేరవేయుదురు. కర్మాగారం దానిని విపణి ధరకు కొనవలెను. గని కేటాయింపు ప్రపంచ విపణి చేయదు, ప్రభుత్వం చేయును.

కాబట్టి మన కోర్కెలు స్పష్టము: నిర్ణీత పెన్షను అందరికి, 18 నెలల భత్యం, ఉక్కు సోదరుల 39 నెలల బకాయి, విశాఖకు స్వంత గని, అమ్మకపు నిర్ణయం రద్దు. 2004 తరువాత చేరి ఇప్పటికి విరమించిన ప్రతి సభ్యుని చివరి మూలవేతనం, చేతికి వచ్చిన యాన్యుటీ మొత్తం, విరమణ తేదీ, ఈ మూడింటిని సేకరించి శాఖా కార్యదర్శులు పేర్లు లేకుండ కేంద్ర కార్యాలయానికి పంపవలెను. వేతన సంఘం ముందర ఆ పట్టికనే ఉంచెదము.