బూడిద కాని బూడిద!

బళ్లో సైన్స్‌ఫేర్ అంటే అగ్నిపర్వతం ఉండాల్సిందే. ఆత్మకూరైనా ఉదయగిరైనా అంతే. బంకమట్టితో దుర్గంలాంటి కొండ కడతారు. లోపల వంటసోడా వేసి, ఎర్రరంగు కలిపిన నిమ్మరసం పోస్తే... బుస్సుమంటూ పొంగుతుంది. మరి చుట్టూ చల్లడానికి బూడిదో? 'అవ్వా, పొయ్యిలో బూడిద కొంచెం తీసియ్యవా' అంటాడు మనవడు. చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

తిరకాసంతా ఆ పేరులోనే ఉంది. పొయ్యిలోది కట్టె కాలగా మిగిలింది. అగ్నిపర్వతం చిమ్మేది మాత్రం గాజుపొడి, రాతిరవ్వ. కరిగిన రాయి గభాల్న చల్లారి తునాతునకలైతే వచ్చేది అదే. మనకి దూరమేం కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర నేలలో పొరగా ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా పేలినప్పుడు ఎగిరొచ్చి పడింది!

ఇది విమానం ఇంజన్లో దూరితే? 1982 జూన్ 24న జావా దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి అదే జరిగింది. లోపలి వేడికి గాజుపొడి కరిగి అతుక్కుపోయింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కిందికి జారి, బూడిద మేఘం దాటాక మళ్లీ అందుకోబట్టి సరిపోయింది. 263 మందీ జకార్తాలో క్షేమంగా దిగారు.

అందుకే ఇంజన్లను నేలమీదే పరీక్షించాలి. 2015లో నాసా అసలు బూడిదనే ఇంజన్లోకి వదిలి చూసింది. కానీ ప్రతిసారీ ఒకేరకం బూడిద బోలెడంత ఎక్కడ దొరుకుతుంది? నకలు చేసుకోవాలి. ఇసుక సరిపోదా అంటే, పోదు. ఇసుకలోని క్వార్ట్జ్ కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గాజు అందులో సగం వేడికే మెత్తబడుతుంది. కాబట్టి తగిన రాళ్లను కరిగించి, గబగబా చల్లార్చి, దంచి, జల్లెడపట్టాలి. రంగు కలిస్తే చాలదు, గుణం కలవాలి.

మనకెందుకిదంతా అంటారా? 2025 నవంబరులో ఇథియోపియాలోని హేలీ గుబ్బి పేలితే ఆ బూడిద ఎర్రసముద్రం దాటి ఢిల్లీ దాకా వచ్చింది. కొన్ని విమానాలు రద్దయ్యాయి. గల్ఫ్ నుంచి వచ్చే మనిషి కోసం ఎదురుచూసే ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయిగా!

అలాగని పిల్లల చేత గాజు నూరించకండి. కళ్లకీ ఊపిరితిత్తులకీ ప్రమాదం. పొయ్యి బూడిదే చల్లనివ్వండి. పక్కన ఓ చీటీ మాత్రం పెట్టించండి... 'ఇది నకలు. అసలుది గాజు' అని. బహుమతి ఆ చీటీకే ఇవ్వాలి!