పెట్టె ఇచ్చారు, డొంక ఇవ్వలేదు

సేవ అనే మాట వింటే నాకు మా తాత గుర్తొస్తాడు. ఊళ్ళో చావైతే పొరుగూళ్ళకు చెప్పుల్లేకుండా కబురు మోసింది ఆయన. కాటికి కట్టెలు మోసింది ఆయన, గొయ్యి తవ్వింది ఆయన. ఆయన మెడలో ఎవడూ దండ వెయ్యలేదు, పేపర్లో ఫొటో పడలేదు. ఆయన చేసినదాని పేరు వెట్టి. నాలుగు నోటుపుస్తకాలు పంచి వెనక బ్యానరు కట్టుకుంటే దాని పేరు సేవ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సర్కారు బడిలో పంతులుద్యోగం వచ్చాక మా పక్క టౌనులోని సేవా క్లబ్బువాళ్ళు పిలిచి సభ్యుణ్ణి చేసుకున్నారు. జిన్నింగు మిల్లులూ పురుగుమందుల షాపులూ ఉన్న పెద్దమనుషులు. "మీలాంటోళ్ళు రావాలి మాస్టారూ" అన్నారు. మీలాంటోళ్ళు అంటే ఏందో అప్పుడు ఆలోచించలేదు. గారు అన్నారు, కుర్చీ వేశారు. అబద్ధమెందుకు, పొంగిపోయాను. రెండో ఏడు సెక్రటరీని చేశారు.

చాకిరీ నాది, స్టేజీ వాళ్ళది. కంటి శిబిరానికి పల్లెలన్నీ తిరిగి ముసలోళ్ళను ఆటోలెక్కించింది నేను. రక్తదానానికి మా కుర్రాళ్ళను తోలుకొచ్చింది నేను. (మా రక్తం మాత్రం పనికొచ్చింది. సంచి మీద కులం రాయరు గదా!) దుప్పట్లు పంచిన రోజు ఫొటో కుదరలేదంటే, నాకు పెద్దమ్మ వరసయ్యే ముసలామెను రెండోసారి వరసలో నిలబెట్టిందీ నేనే. ఆ పాపం ఇంకొకరి మీద పెట్టను.

ఒక మీటింగులో బ్రహ్మనాయుడి చాపకూడు మీద ఉపన్యాసం. మాచర్లలో అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును దండనాయకుణ్ణి చేశాడని. ఒకటే చప్పట్లు. ఆ ఊపులో, ఇదే అదను గదా అని మా పల్లె శ్మశానం డొంక సంగతి ఎత్తాను.

ఊళ్ళోవాళ్ళ శ్మశానానికి సిమెంటు రోడ్డుంది. మాదానికి బండి డొంక ఉండేది. రెండుపక్కల ఆసాములు ఏడాదికో సాలు కలుపుకుంటా వచ్చి మిరప వేశారు. మిగిలింది గట్టు. వాన పడితే నల్లరేగడి, మోకాలి దాకా దిగబడుద్ది. కొలతలు వేయించమని తహసీల్దారుకు క్లబ్బు తరఫున అర్జీ పెడదామన్నాను. సంతకాలు తప్ప రూపాయి ఖర్చు లేదు.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ప్రెసిడెంటు గారు "అది రాజకీయం అవుద్ది మాస్టారూ, మనది సేవ" అన్నారు. ఆ పొలాల్లో ఒకటి ఒక సభ్యుడి బావమరిదిదని తర్వాత తెలిసింది. నా మనసు కష్టపెట్టడం ఎందుకనేమో, మరుసటి నెల మా కాలనీకి శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె ఇచ్చారు. రిబ్బను కత్తిరించి ఇచ్చారు. శవాల పెట్టెకు రిబ్బను!

ఆ పెట్టెలో మొదట పడుకున్నది మా నాన్న. అక్టోబరు ముసురు. హైదరాబాదు నుంచి అక్క వచ్చేదాకా పెట్టె బాగానే పనిచేసింది, కాదనను. అద్దం మీద, సరిగ్గా నాన్న మొహానికి పైన, దాతల పేర్లు. మర్నాడు పాడె ఎత్తాం. గట్టు మీద చిన్నాన్న కాలు జారింది. పాడె ఒరిగి నాన్న కాళ్ళు బురదలో పడ్డాయి. మేం పక్కన చేలో అడుగేస్తే, మొక్కలు తొక్కుతున్నారని ఆసామి అరుపులు. నేను ఆ క్లబ్బుకు సెక్రటరీని.

ఈ సేవ కథ కొత్తది కాదు. 1932లో పూనా ఒప్పందం తర్వాత గాంధీ గారి పూనికతో అంటరానితనం పోగొట్టడానికంటూ ఒక సంఘం పుట్టింది. అదే హరిజన సేవక సంఘమైంది. ఆ నవంబరులో లండను పోతూ ఓడలోంచి అంబేద్కర్ దాని కార్యదర్శి ఠక్కరుకు ఉత్తరం రాశాడు. బావి దగ్గరా బడిలోనూ చావడిలోనూ హక్కు కోసం పల్లెపల్లెనా ఉద్యమం చెయ్యండి, గొడవలైనా వెనకాడకండి, పనిచేసేవాళ్ళలో అంటరానివాళ్ళను పెట్టుకోండి అని దాని సారాంశం. సంఘం ఆ దోవ పట్టలేదు. ఆయన అందులో ఉండలేదు.

ఇవాళ చట్టం కూడా ఉంది. శ్మశానాన్నీ దారినీ మిగతావాళ్ళతో సమానంగా వాడుకోనియ్యకుండా ఎస్సీలను అడ్డుకోవడం నేరమని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి సవరణ తెచ్చారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నేరాన్ని నేరమంటే రాజకీయమట!

క్లబ్బుల్లో చేరొద్దని విద్యార్థి మిత్రులకు చెప్పను. ఆ శిబిరంలో ఆపరేషనయిన మా పల్లె ముసలమ్మ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది. అది చిన్న సంగతి కాదు. ఏ పని చెయ్యాలో, ఏది చెయ్యకూడదో తేల్చేది ఎవరో మాత్రం చూసుకోండి. మన చేతికి మైకూ మినిట్సు పుస్తకమూ ఇచ్చి, ఆ మాట మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు.

పెద్దకర్మ అయిన మర్నాడు రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు ఆదివారాలు అంబేద్కర్ బొమ్మ దగ్గర 17 మందిమి కూర్చుంటున్నాం. నెలకు 50 రూపాయలు చందా. ఆడవాళ్ళు ఆరుగురు, గట్టిగా మాట్లాడేది వాళ్ళే. ముందు సర్వే పటం నకలు తీయించాం. అందులో డొంక ఉంది, వెడల్పుతో సహా. సర్వేయరు రెండుసార్లు వస్తానన్నాడు, రాలేదు. గవర్నమెంటు ఉద్యోగివి, నీకెందుకివన్నీ అని బడిలో ఒకరిద్దరు హెచ్చరించారు కూడా. వచ్చే సోమవారం మళ్ళీ గ్రీవెన్సుకు పోతున్నాం.

పెట్టె ఇంకా కమ్యూనిటీ హాల్లోనే ఉంది. తిరిగి ఇచ్చెయ్యాలని నేను, చచ్చినోళ్ళకు అవసరం గదా ఉంచుదామని మా అమ్మ. పోయిన ఆదివారం అందరం దాని మీదే వాదులాడుకున్నాం, తేలలేదు.