జాలి వద్దు, చెవి ఒగ్గితే చాలు

లండన్‌కు చెందిన 'ద సౌండ్' బృందం తొలి ఆల్బమ్ 'జెపర్డీ' 1980 నవంబరులో వచ్చింది. ముంచుకొస్తున్న ప్రమాదం అని ఆ మాటకు అర్థం. ఇవాళ ఆ రికార్డును ఇంకొకరికి పరిచయం చేయబోయేవారు తరచు పాట గురించి కాక చావు కబురుతో మొదలుపెడతారు. పాటలు రాసి, పాడి, గిటార్ వాయించిన ఏడ్రియన్ బోర్లండ్ ఏళ్ల తరబడి తీవ్రమైన మానసిక అనారోగ్యంతో పెనుగులాడి, 1999 ఏప్రిల్‌లో, 41 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సంగతి చెవిన పడ్డాక రికార్డు పెడితే అందులోని ప్రతి మాటా మరణ వాంగ్మూలంలాగే వినిపిస్తుంది. మరుగున పడ్డ రత్నాన్ని వెలికి తీశామన్న తృప్తి మనకు మిగులుతుంది గానీ ఆ రికార్డు మాత్రం మళ్లీ వినబడకుండానే పోతుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. చెప్పుకోవడానికి కథేమీ లేదని 1980లో ఈ ఆల్బమ్‌ను ఎక్కువమంది పట్టించుకోలేదు. ఇప్పుడు విషాదగాథ ఒకటి దొరికిందని దాన్ని అపార్థం చేసుకుంటున్నారు. రెండుసార్లూ నష్టపోయింది సంగీతమే.

ముందు ఆ కాలం గురించి నాలుగు మాటలు. 1976, 77లలో బ్రిటన్‌ను ఊపేసిన పంక్ సంగీతం రెండేళ్లలోనే తన అడుగుల్లో తానే అడుగులు వేయడం మొదలుపెట్టింది. మూడు స్వరగుచ్ఛాలు (కార్డ్స్), ఒకే వేగం, ఒకే కోపం. కోపం నిజమైనదే అయినా దాన్ని చెప్పే తీరు మారాలి అనుకున్న కుర్రవాళ్లు డబ్ రెగె నుంచి, ఫంక్ నుంచి, జర్మన్ ప్రయోగ సంగీతం నుంచి, ఎలక్ట్రానిక్ కీబోర్డుల నుంచి తమకు కావలసింది తెచ్చుకున్నారు. అలా పుట్టినదాన్నే పోస్ట్-పంక్ అన్నారు. బోర్లండ్ ఈ దారిలో మొదటినుంచీ ఉన్నవాడు. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా తన తొలి బృందం 'ది ఔట్‌సైడర్స్'తో 1977లోనే సొంతంగా ఒక ఆల్బమ్ వేసుకున్నాడు. ఆ బృందంలోంచే 1979లో 'ద సౌండ్' తయారైంది. బేస్ గిటార్ మీద గ్రాహమ్ బెయిలీ, డ్రమ్స్ మీద మైక్ డడ్లీ, కీబోర్డుల మీద బై మార్షల్ అనే యువతి. 'ఎకో అండ్ ద బనీమెన్' బృందం రికార్డులు వేస్తున్న కొరోవా లేబుల్ వీళ్లనూ తీసుకుంది. ఆల్బమ్‌ను ఎలిఫెంట్ స్టూడియోలో, నిక్ రాబిన్స్‌తో కలిసి బృందమే తక్కువ ఖర్చుతో రూపొందించుకుంది.

ఆ తక్కువ ఖర్చు చెవికి తెలుస్తుంది, తెలియడమే మేలైంది. వాయిద్యాల మీద మెరుగు లేదు, ప్రతిధ్వనుల పొగమంచు లేదు. డ్రమ్ము మీద కర్ర పడితే కర్ర పడినట్టే వినిపిస్తుంది. తనను తాను తప్పించుకోలేకపోవడం గురించిన మొదటి పాట 'ఐ కాంట్ ఎస్కేప్ మైసెల్ఫ్' దీనికి చక్కటి ఉదాహరణ. కొట్టుకునే గుండెలాంటి లయ, దాని కింద బేస్ గిటార్, మధ్యమధ్య తెగిపడే గిటార్ ముక్కలు, అణచిపెట్టుకున్న గొంతు. చరణమంతా ఇంతే. వాయిద్యాల మధ్య బోలెడు ఖాళీ. పల్లవి దగ్గరకు రాగానే ఆ ఖాళీలోకి గిటార్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, మళ్లీ అంతలోనే వెనక్కి తగ్గుతుంది. ఆ పేలుడుకు అంత బలం వచ్చింది దాని ముందున్న నిగ్రహం వల్లనే. ఎంత ఆపుకోవాలో, ఎప్పుడు వదలాలో నలుగురూ కలిసి లెక్కకట్టుకుంటే తప్ప ఇలాంటి పాట నిలబడదు. మతి తప్పిన మనిషి ఆర్తనాదంగా దీన్ని వినేవారు ఈ లెక్కను గమనించరు. ఇందులో నిస్సహాయత వస్తువు మాత్రమే. దాన్ని పాటగా మలచిన పనితనంలో నిస్సహాయత ఎక్కడా లేదు.

ఇక పాటల వరుస చూడండి. పదకొండు పాటలు, రికార్డుకు రెండు ముఖాలు. మొదటి ముఖం 'నేను'తో మొదలై అయిదో పాట 'మిసైల్స్'తో ముగుస్తుంది. తన నుంచి తాను పారిపోలేని మనిషి దగ్గర ఎత్తుకున్న రాగం, క్షిపణులు తయారుచేసేవాళ్లెవరని నిలదీయడం దగ్గర ఆగుతుంది. ఈ ప్రయాణాన్ని అర్థం చేసుకోవాలంటే 1980 నాటి బ్రిటన్‌ను గుర్తు చేసుకోవాలి. అణు దాడి జరిగితే ఏం చేయాలో ప్రజలకు నేర్పుతూ ప్రభుత్వం ఆ ఏడాది మే నెలలో 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్' అనే పుస్తకాన్ని 50 పెన్నీలకు అమ్మకానికి పెట్టింది. తలుపులు ఊడదీసి గోడకు వాలుగా నిలబెట్టండి, వాటి కింద తలదాచుకోండి, కిటికీ అద్దాలకు లేత రంగు పూయండి, పద్నాలుగు రోజులకు సరిపడా తిండీ నీళ్లూ దాచుకోండి అని అందులో ఉంది. జూన్‌లో రక్షణ మంత్రి ఫ్రాన్సిస్ పిమ్, అమెరికా క్రూయిజ్ క్షిపణులను గ్రీన్‌హామ్ కామన్‌లోనూ మోల్స్‌వర్త్‌లోనూ ఉంచబోతున్నట్టు ప్రకటించాడు. ఆగస్టుకల్లా నిరుద్యోగుల సంఖ్య ఇరవై లక్షలు దాటింది. అక్టోబరులో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా వేలాదిమంది లండన్ వీధుల్లోకి వచ్చారు. మరుసటి నెలలో 'జెపర్డీ' దుకాణాలకు చేరింది.

అంటే ఈ ఆల్బమ్‌లోని భయం ఒక మనిషి బుర్రలో పుట్టిన వికారం కాదు. సొంత ఇంటి తలుపు కింద దాక్కోమని ప్రభుత్వమే చెప్పిన దేశంలో అది ఇంటింటి భయం. బయట అణుయుద్ధపు నీడ, లోపల ఊపిరాడని ఒంటరితనం. ఈ రెండూ వేరువేరు కావని పాటల వరుసతోనే చూపించడం ఈ రికార్డు చేసిన అసలైన పని. అదే కాలపు నిరసన గీతాలు చాలావరకు బయటి శత్రువు వైపు వేలు చూపి ఆగిపోయాయి. అంతర్ముఖ గీతాలు గది తలుపులు మూసుకున్నాయి. 'జెపర్డీ' ఆ తలుపును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అందుకే 'మిసైల్స్' నినాదంలా మోగదు. నెమ్మదిగా పెరిగి, గిటార్ రొదతో మీద పడి, మళ్లీ అనుమానంలోకి జారుతుంది. రెండో ముఖంలో ఆల్బమ్ పేరున్న పాట ఉంది, రాత్రికీ పగటికీ పోటీ పెట్టిన పాట ఉంది, ఆ తర్వాత 'రెసిస్టెన్స్' వస్తుంది. ప్రతిఘటన అని పేరు పెట్టి, వేగంగా, కండబలంతో వాయించిన పాటను లొంగుబాటుగా వినాలంటే చెవులు మూసుకోవాల్సిందే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. రాసినవాడి జీవితాన్ని పాట నుంచి విడదీయడం సాధ్యమా? తనను తాను తప్పించుకోలేనన్న మనిషి చివరికి అలాగే పోతే, ఆ రెంటికీ సంబంధం లేదనడం కపటం కాదా? సంబంధం లేదని నేను అనను. బోర్లండ్ పడిన బాధ నిజం, దాని పట్ల గౌరవం ఉండాలి. కానీ ఈ ఆల్బమ్ వచ్చేనాటికి అతని వయసు 22. ఆ తర్వాత బృందం 1988 దాకా సాగింది. అది విడిపోయాక కూడా అతను ఒంటరిగా ఆల్బమ్‌ల మీద ఆల్బమ్‌లు చేశాడు. పందొమ్మిదేళ్ల కష్టాన్నీ శ్రమనూ ఒక్క ముగింపులోకి కుదించి, ఆ ముగింపును వెనక్కి మోసుకొచ్చి తొలి పాట మీద రుద్దడం అతని జీవితానికి కూడా అన్యాయమే. పైగా రికార్డు మీద ఉన్నది నలుగురు. డడ్లీ డ్రమ్స్ బిగువు లేకపోతే, బెయిలీ బేస్ పాటను ముందుకు నడపకపోతే, మార్షల్ కీబోర్డులు ఇదే ఆల్బమ్‌లోని 'హార్ట్‌లాండ్' పాటకు ఆ వెలుగు ఇవ్వకపోతే బోర్లండ్ గొంతు గాలిలో వేలాడేది. ఒకరి మరణపత్రంగా దాన్ని చదివినప్పుడల్లా మనం మిగతా ముగ్గురి పనిని చెరిపేస్తున్నాం.

రెండో అభ్యంతరం పాతది. ఇదంతా 'జాయ్ డివిజన్' నీడే కదా అంటారు. ఆ బృందం రెండో ఆల్బమ్ 'క్లోజర్' అదే ఏడాది జులైలో వచ్చింది. దాని గాయకుడు ఇయాన్ కర్టిస్ అంతకు రెండు నెలల ముందే ప్రాణం తీసుకున్నాడు. గంభీరమైన గొంతు, ముందుకొచ్చిన బేస్, చీకటి వస్తువు. పోలికలు ఉన్నమాట నిజమే. ఆ తరం పీల్చిన గాలి ఒక్కటే మరి. అయితే తేడాలు పోలికల కంటే ముఖ్యమైనవి. జాయ్ డివిజన్ రికార్డులను రూపొందించిన మార్టిన్ హానెట్ ప్రతి ధ్వనినీ విడదీసి, చుట్టూ పెద్ద ఖాళీ భవనం ఉన్నట్టు భ్రమ కల్పించాడు. అది గొప్ప విద్య. 'జెపర్డీ'లో ఆ భవనం లేదు. నలుగురు ఒక చిన్న గదిలో, వినేవాడికి చేతికందే దూరంలో వాయిస్తున్నట్టుంటుంది. 'క్లోజర్' మెట్టు మెట్టుగా లోపలికి దిగి, తిరిగి రాదు. 'జెపర్డీ' పాటలు ఎంత దిగినా పల్లవి దగ్గర పైకి లేస్తాయి. వాటికి శ్రోతలను చేరుకోవాలన్న ఆరాటం ఉంది. ఒక చెట్టు పేరు చెప్పి మరో చెట్టు కాయలు అమ్మడం అమ్మేవాడికి తేలిక కావచ్చు గానీ, కొరికి చూస్తే రుచి వేరని తెలుస్తుంది.

మూడోది సంత తీర్పు. అంత మంచిదైతే అప్పుడే అమ్ముడుపోయేది కదా? బ్రిటిష్ సంగీత వారపత్రికలు ఈ ఆల్బమ్‌ను వచ్చినప్పుడే మెచ్చుకున్నాయి. కాబట్టి వినే చెవులు అసలే లేకపోలేదు. లేనిది అమ్మడానికి వీలైన బొమ్మ. ఒకే లేబుల్‌లో ఉన్న బనీమెన్‌కు చూడగానే గుర్తుపట్టే జుట్టూ వేషమూ ఉన్నాయి. ఆ అక్టోబరులోనే ఐర్లండ్ నుంచి 'బోయ్' ఆల్బమ్‌తో వచ్చిన 'యు2'కు అందరినీ ఆకట్టుకునే నాయకుడున్నాడు. 'ద సౌండ్'కు ఉన్నది పేరులో చెప్పినట్టు ధ్వని మాత్రమే. తర్వాతి కథ కూడా ఇలాగే సాగింది. హిట్ పాటలు కావాలని కంపెనీ ఒత్తిడి చేస్తే 1982లో అందుకు పూర్తి విరుద్ధమైన, మొండి ఆల్బమ్ 'ఆల్ ఫాల్ డౌన్' చేసిచ్చారు. ఆ కంపెనీతో బంధం అక్కడితో తెగింది. ఆ మొండితనం కొంత నష్టం చేసిందని ఒప్పుకోవాలి. అన్యాయమంతా లోకానిదే అనను. కానీ అమ్మకాలు కొలిచేది బొమ్మకూ ప్రచారానికీ రేడియోకూ కుదిరిన పొత్తును. పాట ఎంత గట్టిగా నిలబడిందో ఆ కొలబద్దకు అందదు.

ఇక ఈ బృందాన్ని బాగా ఎరిగినవారే చెప్పే మాట ఒకటుంది. అసలైన శిఖరం తొలి ఆల్బమ్ కాదు, నిర్మాత హ్యూ జోన్స్ చేతుల మీదుగా 1981లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ఫ్రమ్ ద లయన్స్ మౌత్' అని. అది మరింత నిండైన రికార్డు, విశాలమైన రికార్డు. ఆ మాట కాదనలేను. అయితే నిండుదనమే కొలమానమైతే తొలి ఆల్బమ్‌ను దానికి చిత్తుప్రతిగా చూడాలి. అది చిత్తుప్రతి కాదు. అణుదాడి తప్పదేమోనన్న భయం పొద్దున కాఫీతో పాటు వచ్చిన రోజుల్లో ఆ భయానికి మెరుగు పెట్టకుండా, అలంకారం తొడగకుండా పట్టుకున్న రికార్డు అది. గోడలకు సున్నం వేయని ఇల్లు అసంపూర్తిగా కనిపించవచ్చు. ఇటుక మీద ఇటుక ఎలా పేర్చారో చూడాలంటే మాత్రం ఆ గోడే చూడాలి. రెండో ఆల్బమ్ వచ్చేనాటికి మార్షల్ బృందంలో లేదు కూడా. ఈ నలుగురి కలయిక ఎలా ఉంటుందో పూర్తి నిడివిలో తెలుపుతూ బృందం ఉన్న రోజుల్లోనే విడుదలైన స్టూడియో ఆల్బమ్ ఇదే.

2000 తర్వాత ఈ ఆల్బమ్‌లు మళ్లీ అచ్చయ్యాయి. బృందాన్ని సొంత దేశం కంటే ఎక్కువగా ఆదరించిన నెదర్లాండ్స్‌లో 2016లో బోర్లండ్ జీవితం మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఇవి మంచి పనులు. అవి లేకపోతే ఈ మాట రాసే అవకాశమే ఉండేది కాదు. అయితే తవ్వి తీసినవారి బాధ్యత అక్కడితో తీరదు. దొరికిన దానికి ఏ చీటీ అతికిస్తామన్నది తవ్వకం కంటే పెద్ద ప్రశ్న. 'శాపగ్రస్త ప్రతిభ' అన్న చీటీ అతికిస్తే శ్రోత జాలితో వస్తాడు, జాలి తీరాక వెళ్లిపోతాడు. పాట మీద ప్రశ్న వేయడు, ఇంకో పాటతో పోల్చడు, నచ్చలేదని అనడానికి కూడా మొహమాటపడతాడు. నచ్చలేదని అనగలిగే స్వేచ్ఛ లేనిచోట నచ్చిందన్న మాటకు విలువ లేదు. ఈ రికార్డు అలాంటి దయాదాక్షిణ్యాలు కోరుకోదు, వాటి అవసరమూ దానికి లేదు.

అందుకే ఒక్కసారి వరుస తప్పించకుండా మొదటి పాట నుంచి చివరి దాకా వినమని నా మనవి. ముగింపు ఎక్కడో గమనించండి. తనను తాను తప్పించుకోలేని మనిషితో మొదలైన రికార్డు, క్షిపణుల్నీ ప్రతిఘటననూ దాటుకుంటూ వచ్చి, నెమ్మదైన ఒక పాట దగ్గర ఆగుతుంది. ఆ పాట పేరు 'డిజైర్', అంటే కోరిక. 1980 నవంబరులో ఆ నలుగురూ తమ తొలి ఆల్బమ్‌కు చివరి మాటగా దాన్ని ఎంచుకున్నారు. ఇంకా ఏదో కావాలనుకుంటున్నవాళ్లు పెట్టిన పేరు అది.