వైద్యాలయములలో క్రొత్త వెట్టి

వెట్టి పోయినదని మనము సంతసించి యెన్నో యేండ్లయినది. 1937లో ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఈ నిజామాబాదుననే జరిగెను. వెట్టి నెదిరించిన యా యుద్యమమునకు తామే వారసులమని మన నాయకులు వేదికలపై చెప్పుకొనుట మేము వినుచునే యున్నాము. సభ ముగిసిన పిదప వారొక్కమారు ఏదేని వైద్యాలయమునకు రాత్రివేళ పోయి, వార్డులో నిలిచియున్న నర్సమ్మను "అమ్మా, నీ జీతమెంత? అది నీకిచ్చువారెవరు?" అని యడిగి చూడవలెనని మా మనవి. మొదటి ప్రశ్నకు ఆమె తల వంచుకొనును. రెండవ ప్రశ్నకు సరియైన యుత్తరము ఆమెకే తెలియకపోవచ్చును.

నందిపేట, ఆర్మూరు, బోధను ప్రాంతముల పల్లెలలో ఆడబిడ్డను నర్సింగు చదివించుట యిటీవల పెరిగినది. కారణము వెదుకబని లేదు. షక్కర్‌నగరులోని నిజాము చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడెను. చెరకును నమ్ముకొన్నవారికి ఊరిలో నౌకరియన్న మాట కలయయ్యెను. మగబిడ్డలు అన్నలు, బాబాయిలు పోయిన గల్ఫు దారినే పట్టుచున్నారు. ఆడబిడ్డయైనను తెల్లబట్టలు కట్టి, గౌరవముగ నాలుగు రాళ్లు తెచ్చుకొనునని తల్లిదండ్రులు పొలము కుదువబెట్టి ఫీజులు కట్టుచున్నారు. జి.ఎన్.ఎం. అయిన మూడేండ్లు, బి.ఎస్‌సి. అయిన నాలుగేండ్లు. పిదప నేమగుచున్నది?

నిజామాబాదు ఖలీల్‌వాడిలో ఆసుపత్రి పలకలకు కొదువ లేదు. అయినను అక్కడ చెప్పు జీతమును విని, కొంత నయముగ నుండునని పిల్ల హైదరాబాదు బస్సెక్కును. నగరములో జీతము నాలుగువేలు హెచ్చు, హాస్టలు ఖర్చు ఆరువేలు హెచ్చు! పండ్రెండు గంటల డ్యూటీ, నెలలో సగము రాత్రులు. కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని బీరువాలోనుండును. మానుకొని పోదమన్న కాగితములు చేతికి రావు. పూర్వము దొర గడీలో అప్పుపత్రముండెడిది. బీరువా మారినది, అంతియే.

దీనికి ధర్మము చెప్పువారు లేకపోలేదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు నర్సుల మొర విని, వారి స్థితిగతులను విచారింప నొక సంఘమును నియమింపుమని కేంద్రప్రభుత్వము నాజ్ఞాపించెను. రెండువందల పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానముగ నీయవలెననియు, ఏబదికి లోబడిన పడకలున్నచోట సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు ఆ సంఘము సిఫారసు చేసెను. కేరళ నర్సులు దీనిని పట్టుకొని సమ్మె కట్టిరి. 2018లో అక్కడి ప్రభుత్వము కనీస వేతనమును ప్రకటింపక తప్పలేదు. మన జిల్లాలో నెన్ని ఆసుపత్రులీ సిఫారసును పాటించుచున్నవో కార్మికశాఖవా రొక పట్టిక ప్రకటింతురా? ఆ పట్టిక పోస్టుకార్డులో సగమునకు మించదని మా యనుమానము.

ప్రైవేటువారు లాభమునకు కూర్చున్నవారు, సరే. ప్రభుత్వము మాటయేమి? 2013లో నిజామాబాదునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినప్పుడు మేమును సంతసించితిమి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, ఇతర ఆసుపత్రులలో అయిదుగురికొకరు ఉండవలెనని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము. కొలతబద్ద పట్టి మన వార్డులు తిరిగినవారి కెవరికైనను ఎంత కొరతయో తెలియును. కొరతను పూరింప ప్రభుత్వము కనిపెట్టిన యుపాయమే ఔట్‌సోర్సింగు. పని ప్రభుత్వమునది, రోగి ప్రభుత్వమువాడు, నర్సు మాత్రము ఏజెన్సీది! నడుమ నిలిచిన దళారి సూది వేయడు, కట్టు కట్టడు. కమీషను మాత్రము తప్పక పుచ్చుకొనును. కంట్రాక్టరు జీతమీయనిచో ప్రధాన యజమానియే యీయవలెనని 1970 నాటి చట్టము చెప్పెను; 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మికస్మృతియు ఆ మాటను నిలిపినది. చట్టము నోట నున్నది, జీతము చేతికి రాదు.

కరోనా కాలమున ప్రాణములొడ్డుటకు తాత్కాలిక నర్సులు కావలసిరి. వారిపై పూలు చల్లిరి, పళ్లెములు మ్రోగించిరి. 2021 జూలైలో అట్టి ఔట్‌సోర్సింగు నర్సులను పెక్కుమందిని ఒక్కమారుగ తొలగింపగా వారు హైదరాబాదు వీధులకెక్కిరి.

న్యాయముగ మెచ్చుకొనవలసినదియు నొకటి కలదు. 2022 డిసెంబరులో 5,204 స్టాఫు నర్సుల పోస్టులకు ప్రకటన వెలువడెను. 2024 జనవరిలో నియామకపత్రములు అందెను. మంచిపని. కాని యా పోస్టులకు 40,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకొనిరి. నర్సులు దొరకనందున ఏజెన్సీల నాశ్రయించితిమన్న వాదము ఆనాటితో కూలిపోయినది. ఖజానాలో ధనము లేదందురా? దళారికిచ్చు కమీషను ఏ ఖజానాలోనిది?

స్కాట్లండునుండి వచ్చిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో మన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకొక నెలవు నెలకొల్పి, వారి సేవలోనే జీవితము గడపెను. పరదేశమునుండి మనకు సేవకులు వచ్చిన నేలయిది. నేడు మన ప్రభుత్వసంస్థయే మన నర్సులకు జర్మను భాష నేర్పి ఆ దేశమునకు పంపుచున్నది. పోవు పిల్లలను మేము తప్పుపట్టము; అక్కడ వారికి జీతమును, మర్యాదయు లభించును. ఇక్కడ ఆ రెండును లేకపోవుటకు బాధ్యులెవరని మాత్రమే యడుగుచున్నాము.

మా కోరిక చిన్నది. ఇకముందు ఏ ప్రభుత్వ వైద్యాలయములోనైనను ఔట్‌సోర్సింగు ఒప్పందము కుదిరినపుడు, ప్రభుత్వము చెల్లించు మొత్తము, ఏజెన్సీ కమీషను, నర్సు చేతికందు రొక్కము మూడు వరుసలలో వ్రాయించి గుమ్మమున నతికింప జిల్లా కలెక్టరుగా రుత్తరువు చేయవలెను. కాగితపు ఖర్చు మేము భరింతుము.