తొలి రోజే లేజర్ వద్దు

సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో పనిచేసేవారికి, నివసించేవారికి, క్లినిక్‌ల నిర్వాహకులకు, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలకు, రంగారెడ్డి జిల్లా యంత్రాంగానికి విజ్ఞప్తి

మేం అడుగుతున్నది ఒక్కటే. అందం కోసం లేజర్ చేయించుకుందామని మొదటిసారి క్లినిక్‌లో అడుగుపెట్టిన రోజునే ఎవరికీ లేజర్ చేయకూడదు. ఆ రోజు డాక్టరు చర్మాన్ని చూడాలి. వాడుతున్న క్రీములూ మింగుతున్న మందులూ అడిగి రాసుకోవాలి. కనబడని చోట చిన్న మచ్చంత మేర పరీక్షించి ఇంటికి పంపాలి. అసలు చికిత్స కొన్ని వారాల తర్వాతే మొదలవ్వాలి. ఈ వ్యవధిని డాక్టరు మంచితనానికి వదిలేయకుండా, క్లినిక్ రిజిస్ట్రేషన్‌కు షరతుగా పెట్టాలి.

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలే. ఇవాళ అక్కడి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా ఏ ప్రధాన రోడ్డున నడిచినా చర్మం, జుట్టు, లేజర్ అన్న బోర్డులు కనబడతాయి. వాటికి వెళ్ళేది ఎక్కువగా పాతిక, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగులు. వాళ్ళకు టైం లేదు. అందుకే భోజన విరామంలో వచ్చి పని ముగించుకుని మళ్ళీ సీట్లో కూర్చోవచ్చనే మాట వాళ్ళకు నచ్చుతుంది. పెళ్ళికి పది రోజులుందనగా పరుగెత్తుకొచ్చేవాళ్ళూ ఉంటారు. చికిత్సకు ముందు చేయాల్సిన పనికి ఈ తొందరలో చోటు దొరకదు. నష్టమంతా మొదలయ్యేది అక్కడే.

లేజర్ చేసే పని నలుపును వెతుక్కుని వేడెక్కించడం. వెంట్రుక కుదురులోని మెలనిన్ అనే రంగు పదార్థం ఆ కాంతిని పీల్చుకుంటే కుదురు దెబ్బతిని వెంట్రుక సన్నబడుతుంది, కొన్ని చోట్ల మళ్ళీ మొలవదు. చుట్టుపక్కల చర్మం కాలకుండా కావలసిన చోటే వేడి పుట్టించవచ్చన్న సూత్రాన్ని 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ వైద్యులు ప్రకటించారు. వెంట్రుకల లేజర్లూ మచ్చల లేజర్లూ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. అయితే మన పైచర్మంలోనూ మెలనిన్ నిండుగా ఉంటుంది, కాంతి ముందుగా తాకేది దాన్నే. తెల్లవాళ్ళ చర్మంలో సాఫీగా లోపలికి దిగిపోయే కాంతిలో కొంత మనకు పైపొరలోనే ఆగి అక్కడే వేడవుతుంది. వేడి మితిమీరితే బొబ్బ లేస్తుంది. బొబ్బ మానాక నల్లమచ్చ పడుతుంది, ఒక్కోసారి తెల్లమచ్చ. నల్లమచ్చ తగ్గడానికి నెలలు పడుతుంది. తెల్లమచ్చ ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది.

ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి రకాలుగా విడదీసే కొలబద్దను హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో తయారుచేసినప్పుడు అందులో చోటు తెల్లచర్మాలకే. గోధుమ రంగు, నల్లని చర్మాలు 5, 6 రకాలుగా తర్వాత వచ్చి చేరాయి. మనలో ఎక్కువమంది 4, 5 రకాల వాళ్ళం. కనుక మరో దేశంలో తెల్లచర్మానికి సరిపోయిన మోతాదును మన మీద అలాగే వాడటానికి లేదు. అలెగ్జాండ్రైట్ లేజర్ కాంతి 755 నానోమీటర్లది, డయోడ్ 800 దాటినది, ఎన్‌డీ యాగ్ 1064ది. అల పొడవు పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకునేది తగ్గుతుంది. అందుకే ముదురు చర్మానికి 1064 ఎక్కువ భద్రం. మీ మీద వాడబోయే యంత్రం ఏదని అడగడం మీ హక్కు. రిసెప్షన్‌లో ప్యాకేజీ ధర చెప్పే మనిషికి ఆ సంగతి తెలియకపోతే, తెలిసిన డాక్టరు వచ్చేదాకా డబ్బు కట్టకండి.

ఇక అసలు సంగతి, స్టెరాయిడ్ క్రీములు. మంగు మచ్చలకని, మొటిమలకని, తెల్లబడటానికని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని ఏళ్ళ తరబడి రాసుకునే క్రీముల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, ముఖానికి ఇలాంటివి రాస్తున్నారని 2011లో వైద్యులు ప్రచురించారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టప్రకారం డాక్టరు చీటీ లేనిదే వాటిని అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఆ చీటీ అడిగేవాళ్ళు ఎంతమందో ఈ కరపత్రం చదువుతున్న మీకే తెలుసు.

ఈ క్రీములు మొదటి వారాల్లో ముఖాన్ని నునుపుగా, తెల్లగా చూపిస్తాయి. లోపల చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనబడతాయి, ఎండ తగిలితే మంట పుడుతుంది. అలాంటి చర్మం మీద లేజర్ కొడితే మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. పోనీ, లేజర్ కోసమని నిన్నటిదాకా రాసిన క్రీమును ఇవాళ ఒక్కసారిగా మానేస్తే ముఖం ఎర్రబారి మొటిమలు ఎగదన్నుతాయి. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించడానికి వారాలు, కొందరికి నెలలు కావాలి. తొలి రోజే లేజర్ చేసే చోట ఈ సంగతి బయటపడే అవకాశమే లేదు. ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్ అడగదు, వచ్చినవాళ్ళు చెప్పరు. స్టెరాయిడ్ అని తెలియక కొందరు చెప్పరు, సిగ్గుపడి కొందరు చెప్పరు. అందుకే ట్యూబ్‌లన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. తెల్లబరిచే క్రీము పేరు చదవలేని భాషలో ఉంటే మరీ జాగ్రత్త. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు రోగుల్లో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళేనని అక్కడి వైద్యులు గుర్తించి 2024లో ప్రచురించారు. అనుమానం పడింది ఆ క్రీముల్లోని పాదరసం మీద.

ఎండ సంగతి. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి బండి మీద వచ్చే ఉద్యోగి ముంజేతులు, మెడ, హెల్మెట్ కింద చెంపలు ఎలా ఉంటాయో చూడండి. క్యాబ్‌లో వచ్చినా అద్దం అన్ని కిరణాలనూ ఆపదు. ఎండకు కొత్తగా నల్లబడిన చర్మంలో మెలనిన్ చురుగ్గా ఉంటుంది, కాబట్టి కాలే ప్రమాదమూ ఎక్కువే. లేజర్‌కు ముందు కనీసం నాలుగు వారాలు ఎండను తప్పించుకోవాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను ఇంటి నుంచి బయల్దేరేముందూ మళ్ళీ మధ్యాహ్నమూ రాసుకోవాలి, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. శని, ఆదివారాల్లో గోవా వెళ్ళొచ్చి సోమవారం లేజర్‌కు వెళ్ళకూడదు. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో రోజంతా బయట తిరిగే పని ఉంటే చికిత్సనే వానాకాలానికి జరుపుకోవడం మంచిది.

వెంట్రుకల లేజర్‌కు వెళ్ళేవాళ్ళు నాలుగు వారాల ముందు నుంచి వ్యాక్సింగ్, థ్రెడింగ్, పీకడం మానేయాలి. వెంట్రుకే లేకపోతే కాంతి పట్టుకునేదేమీ ఉండదు. ముందురోజు రేజర్‌తో గీసుకుంటే చాలు. బ్లీచ్ వద్దు, ఎందుకంటే అది వెంట్రుకలోని నలుపునే తీసేస్తుంది. ట్రెటినోయిన్, అడాపలీన్ లాంటి మొటిమల క్రీములు, ఆసిడ్ సీరమ్‌లు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరు చెప్పాలి. లేజర్‌కు ముందు వారంలో నిమ్మరసం, సున్నిపిండి రుద్దుళ్ళు కూడా వద్దు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్ళలుగానీ డాక్సీసైక్లిన్‌గానీ మింగుతుంటే చెప్పాలి. పెదాల దగ్గర జ్వరపు పొక్కులు వస్తుంటాయా, గాయం మానాక మచ్చ ఉబ్బుతుందా, గర్భంతో ఉన్నారా అన్నవి ముందే చెప్పాలి. గడ్డం మీద, పైపెదవి మీద దట్టంగా వెంట్రుకలు వస్తున్న అమ్మాయిలకు ముందు హార్మోన్ల పరీక్ష కావాలి. మూలం పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అయితే, దాన్ని వదిలేసి వెంట్రుకల మీదే ఎన్ని సిట్టింగులు చేసినా మళ్ళీ వస్తాయి. కొందరికి లేజర్ చేసిన చోటి పక్కనే కొత్తగా దట్టమవుతాయి కూడా. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకున్న క్లినిక్ ఆ పరీక్షకు ఎందుకు పంపుతుంది?

మత్తు క్రీము గురించి చెప్పక తప్పదు. నొప్పి తెలియకుండా రాసే ఈ క్రీములో లిడోకేయిన్ లాంటి మందులు ఉంటాయి. అమెరికాలో 22, 25 ఏళ్ళ యువతులిద్దరు కాళ్ళకు వెంట్రుకల లేజర్ చేయించుకోబోతూ అలాంటి క్రీము దట్టంగా రాసుకుని పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. మందు రక్తంలోకి ఎక్కి మూర్ఛలొచ్చి, కోమాలోకి వెళ్ళి చనిపోయారు. 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దేశమంతటికీ హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లోనే రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకుని రండి, టైం కలిసొస్తుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఎంత మేరకు, ఎంత మందం, ఎంతసేపు అన్నది డాక్టరు తన కళ్ళ ముందు చేయించాల్సిన పని.

పరీక్షగా చెవి వెనకో దవడ కిందో చిన్నచోట లేజర్ తగిలించి ఆగినప్పుడు బొబ్బ వచ్చేదైతే ఒకటి రెండు రోజుల్లోనే తెలుస్తుంది. నల్లమచ్చ బయటపడటానికి మాత్రం వారాలు పడుతుంది. మేం వారాల వ్యవధి అడగడానికి కారణం ఇదే. క్లినిక్‌లు నష్టపోతాయని కొందరంటారు. ముఖం కమిలిన ఒక్క మనిషి ఆఫీసులో నలుగురికి చెబితే పోయే నమ్మకం కంటే ఆ నష్టం పెద్దది కాదు. ఇప్పటికే ఈ పద్ధతి పాటిస్తున్న చర్మవైద్యులు ఈ నగరంలో ఉన్నారు. తొందరపెట్టే పక్క క్లినిక్ వల్ల పేషెంట్లను పోగొట్టుకుంటున్నదీ వాళ్ళే. నిబంధన అందరికీ ఒకటే అయితే వాళ్ళకూ న్యాయం జరుగుతుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. తెలంగాణలో అమలవుతున్న 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద క్లినిక్‌లను రిజిస్టర్ చేసే జిల్లా అథారిటీకి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా వైద్యాధికారి కన్వీనర్. ధరల పట్టికను స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ కనబడేలా పెట్టాలని ఆ చట్టం కింది నిబంధనలే చెబుతున్నాయి. ధర తెలుగులో ఉండాలన్నప్పుడు, చర్మాన్ని సిద్ధం చేసుకునే సూచనలు కూడా తెలుగులో ఒక పేజీ రాసి చేతికివ్వాలి. దాని కింద చర్మవైద్యుడి పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, చూసిన తేదీ ఉండాలి. పూర్తి వివరం చెప్పి తీసుకున్న సమ్మతే సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. మత్తు క్రీము రాశాక చేతికిచ్చిన కాగితం మీద సంతకం ఆ కోవలోకి రాదు. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా విధించవచ్చని జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. వారాంతపు వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని ఆ కమిషనే 2022లో జుట్టు మార్పిడి విషయంలో స్పష్టం చేసింది. లేజర్‌కూ అదే కొలత పెట్టాలి.

కంపెనీలకు మా మాట: క్యాంపస్‌లో ఆరోగ్య శిబిరం పేరుతో డిస్కౌంటు కూపన్లు పంచే క్లినిక్‌ను లోపలికి రానిచ్చేముందు అక్కడ రోజూ ఉండే చర్మవైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, తొలి రోజు లేజర్ చేయబోమని రాయించుకోండి. ఐటీ సంస్థల సంఘమైన హైసియా తన సభ్య సంస్థలన్నిటికీ ఇదే పద్ధతి సూచించాలి. ప్రభుత్వానికి: కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక పూట లేజర్‌కు వెళ్ళబోయేవారికి ఉచితంగా చర్మం చూసి సలహా చెప్పే ఓపీ పెట్టండి. డబ్బు కట్టేముందు, అమ్మేవాళ్ళతో సంబంధం లేని డాక్టరు మాట వినే చోటు ఈ ప్రాంతంలో ఉండాలి.

రంగారెడ్డి కలెక్టరేట్ కొంగరకలాన్‌లో ఉంది. అర్జీలు తీసుకునే ప్రజావాణి అక్కడ సోమవారాల్లో జరుగుతుంది. ఈ కరపత్రం వెనక పేజీలో విజ్ఞప్తి అచ్చువేశాం. మీ పేరు, పనిచేసే చోటు రాసి సంతకం చేసి మీ హాస్టల్లో, మీ టీమ్‌లో మరో పదిమంది చేత చేయించి ప్రజావాణిలో ఇవ్వండి. ఈలోగా మీలో ఎవరికైనా లేజర్ అపాయింట్‌మెంట్ ఉంటే ఫోన్ చేసి దాన్ని చర్మపరీక్షగా మార్పించుకోండి. మార్చం అంటే అడ్వాన్స్ వెనక్కి అడగండి, ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.