శ్రుతిలోని సూక్ష్మం

చిన్న తేడా విలువ ఎంతటిదో బోధన్ ప్రాంతపు చెరుకు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నూరు కిలోల చెరుకు నుండి ఎన్ని కిలోల చక్కెర వస్తుందో ఆ లెక్కను రికవరీ శాతం అంటారు. నిర్ణీత స్థాయిని దాటిన తరువాత ఆ శాతం పదో వంతు పెరిగినా చెరుకు ధర మారుతుంది. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, ఆ లెక్కల జ్ఞానం ఈ నేలను వీడిపోలేదు. సంగీతంలోనూ ఇటువంటి సూక్ష్మ భేదాలున్నాయి. వాటినే మన పూర్వులు శ్రుతులన్నారు. చెరుకులో పదో వంతును వదలని మనం పాటలో దానిని సులభంగా వదులుకుంటున్నాం. ఇది ఆలోచించవలసిన విషయం.

శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా భావించిన సంప్రదాయం మనది. భరతముని నాట్యశాస్త్రంలో ఒక స్థాయిని 22 శ్రుతులుగా విభజించి చూపాడు. షడ్జమ, మధ్యమ, పంచమాలకు నాలుగేసి, రిషభ, ధైవతాలకు మూడేసి, గాంధార, నిషాదాలకు రెండేసి శ్రుతులు. రెండు వీణలను ఒకే శ్రుతిలో చేర్చి, ఒకదానిని కదల్చక, రెండవదాని తీగలను క్రమంగా తగ్గిస్తూ ఆ భేదాలను చెవికి తెలియజేసే విధానాన్ని కూడా ఆయన వివరించాడు. పదమూడవ శతాబ్దంలో దేవగిరిలో సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడూ ఆ 22 శ్రుతులనే అంగీకరించాడు. ఆ సంఖ్యను గూర్చి పండితులు నేటికీ వాదించుకోవచ్చు. స్వరానికి స్వరానికి నడుమ సూక్ష్మమైన తావులున్నాయన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

ఇప్పుడు మన భజన మందిరాలలో, పాఠశాలల వార్షికోత్సవాలలో వినిపించే హార్మోనియాన్ని, కీబోర్డును గమనించండి. వాటిలో ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. ఇది పాశ్చాత్య దేశాలలో స్థిరపడిన పద్ధతి. దానికొక కారణముంది. షడ్జమం నుండి పంచమానికి ఉన్న నిష్పత్తి 3:2. ఆ విధంగా పన్నెండు పంచమాలు ఎక్కుకుంటూ పోతే తిరిగి షడ్జమానికి చేరాలి. కాని 3:2ను పన్నెండుసార్లు గుణిస్తే దాదాపు 129.75 వస్తుంది. ఏడు స్థాయిలు ఎక్కితే వచ్చేది 128. మూడును ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే, రెండును ఎన్నిసార్లు గుణించినా సరి సంఖ్యే. కనుక ఈ రెండు లెక్కలూ ఎన్నటికీ కలవవు. మిగిలిపోయిన ఆ కొద్దిపాటి తేడాను అన్ని స్వరాలకూ పంచివేయడమే సమభాగ పద్ధతి. ఏ మెట్టును షడ్జమంగా తీసుకున్నా పాట ఒకే తీరుగా నడవడం అందులోని సౌకర్యం.

ఆ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యమెంత? షడ్జమం సెకనుకు 240 కంపనాలతో మోగుతున్నదనుకుందాం. శుద్ధమైన పంచమం 360 కంపనాలు. కీబోర్డు పంచమం దాదాపు 359.6. ఈ తేడా చెవికి అంతగా తెలియదు. అంతర గాంధారం మాత్రం 300 కంపనాలకు బదులు సుమారు 302.4 అవుతుంది. ఈ రెండు గాంధారాలను ఒకేసారి పలికిస్తే నాదం సెకనుకు రెండు మూడుసార్లు పెరిగి తగ్గుతూ అలలాడుతుంది. శ్రుతి చేసిన తంబురాలో గాంధారానికి ప్రత్యేకంగా తీగ లేకపోయినా, మంద్ర షడ్జమపు నాదం నుండి అంతర గాంధారం తనంతట తానే వినబడుతుంది. పక్కనే కీబోర్డు మోగితే ఆ గాంధారం ఒకటి, ఈ గాంధారం వేరొకటి.

మన సంగీతంలో స్వరం ఒకే చోట స్థిరంగా నిలబడేది కూడా కాదు. తోడి రాగంలోనూ, ఖరహరప్రియ రాగంలోనూ ఉన్నది సాధారణ గాంధారమే. హార్మోనియంపై ఆ రెండింటికీ ఒకటే మెట్టు. గాయకుని కంఠంలో మాత్రం తోడి గాంధారపు ఊగిసలాట వేరు, ఖరహరప్రియ గాంధారపు కదలిక వేరు. వీణపై వైణికుడు తీగను మెట్టు మీద పక్కకు లాగి ఈ గమకాన్ని సాధిస్తాడు. మైనంలో అమర్చే ఆ వీణ మెట్లను నిపుణుడు తన చెవినే ప్రమాణంగా చేసుకొని నిలుపుతాడు. వాయులీనంపై వేలు జారవచ్చు. హార్మోనియం మెట్టు మీద వేలు ఎంత అదిమినా స్వరం అంగుళమైనా కదలదు.

ఈ లోపాన్ని చూసే రవీంద్రనాథ్ ఠాగూర్ వంటి వారు హార్మోనియాన్ని వ్యతిరేకించారు. 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. ఆ నిషేధం 1971 వరకు కొనసాగింది. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనది కాదు. హార్మోనియం పేద కళాకారుని తోడు. వానకూ ఎండకూ తట్టుకుంటుంది. మాటిమాటికీ శ్రుతి చేయనక్కరలేదు. ఆరుబయట తెల్లవార్లూ సాగే ప్రదర్శనలో చివరి వరుసకూ వినిపిస్తుంది. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ, 2005లో కన్నుమూసేవరకు చిందు యక్షగానానికే జీవితాన్ని అంకితం చేసిన మహాకళాకారిణి. ఆ యక్షగానానికి మద్దెల, తాళాలతోపాటు హార్మోనియమూ అండగా నిలిచింది. అటువంటి వాద్యాన్ని వెలివేయడమంటే దానిని నమ్ముకున్నవారిని వెలివేయడమే.

అయితే ఆ పాటలో హార్మోనియం తోడు మాత్రమే, తీర్పరి కాదు. కంఠం ముందు నడిస్తే పెట్టె దాని వెంట నడిచేది. నేడు ఈ వరుస తలక్రిందులవుతున్నది. పల్లె నుండి వచ్చిన బాలిక తన అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటను ఉన్నదున్నట్లు పాడితే, కీబోర్డుతో కలవలేదని దానిని అపశ్రుతి అంటున్నారు. కంప్యూటరులో ఆమె గొంతును పన్నెండు గళ్ళలోకి సర్ది 'సరిచేశాం' అంటున్నారు. పాడినవారందరిదీ తప్పు కాకూడదని నేననను. శ్రుతి తప్పడం వేరు, శ్రుతి భేదం వేరు. ఆ రెంటినీ వేరుచేసి చెప్పగలిగేది శిక్షణ పొందిన చెవి మాత్రమే. ఆ చెవి లేనినాడు యంత్రం చెప్పిందే వేదమవుతుంది. తన పాట తప్పని ఒకసారి నమ్మిన బాలిక మళ్ళీ ఆ పాట పాడదు. ఆమెతోపాటు ఆ బాణీ కూడా మౌనం వహిస్తుంది.

కనుక చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సంగీతం నేర్పే ప్రతిచోటా మొదట తంబురాను వినిపించాలి. హార్మోనియం తరువాత రావచ్చు. నిజామాబాదు, బోధన్ పల్లెలలోని వృద్ధ గాయనీ గాయకుల పాటలను ఏ సవరణలూ లేకుండా ధ్వనిముద్రణ చేసి భద్రపరచాలి. పోటీలలో న్యాయనిర్ణేతలు యంత్రానికంటే ముందు కంఠాన్ని ఆలకించాలి. వీటికి పెద్ద ధనం అక్కరలేదు, శ్రద్ధ కావాలి.

విద్యార్థులారా! మూతపడిన కర్మాగారాన్ని తిరిగి తెరిపించమని ప్రభుత్వాన్ని అడగవచ్చు. చెవి మరచిన శ్రుతిని తెచ్చిపెట్టమని ఎవరిని అడగగలం? ఈసారి మీ ఇంటిలోని పెద్దలు పాడేటప్పుడు చేతిలోని యంత్రాన్ని పక్కన పెట్టి ఆలకించండి. మీకు తప్పుగా తోచిన చోట ఒక్క క్షణం ఆగి, ఆ స్వరాన్ని వారి వెంట మీరూ పలికి చూడండి.