క్షేత్ర ఛాయాచిత్రణలో ట్రైపాడ్‌కు దక్కని స్థానం

వరిలో అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో, బూడిద రంగు మధ్యభాగంతో ఉంటుంది. గోధుమ మచ్చ తెగులులో మచ్చ గుండ్రంగానో అండాకారంలోనో ఉంటుంది. మచ్చలు చిన్నవిగా ఉన్న దశలో ఈ రెండింటినీ వేరు చేసేది అంచుల స్పష్టతే. ఛాయాచిత్రం కొద్దిగా కదిలినా ఆ అంచు చెరిగిపోతుంది. అప్పుడు సిఫారసు ఊహ మీద ఆధారపడుతుంది, మందు ఖర్చు మాత్రం రైతు మీద పడుతుంది.

ఇట్టి లోపాన్ని కెమెరాకు ఆపాదించడం పరిపాటి. పరికరాల కొనుగోలులో మెగాపిక్సెళ్ల గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా ట్రైపాడ్ గురించి జరగదు. చివరకు మిగిలిన సొమ్ముతో తేలికపాటి స్టాండు ఒకటి కొంటారు. ఇది సరైన పద్ధతి కాదు. దగ్గర నుండి తీసే చిత్రంలో స్పష్టంగా కనిపించే లోతు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పైరు నీడలో షట్టరు వేగం సెకనులో పదిహేనో వంతుకు పడిపోతే ఎంతటి నేర్పరి చేయి అయినా నిలకడగా ఉండదు.

ఎంపికలో ఎత్తు కంటే దృఢత్వమే ముఖ్యం. కెమెరా, లెన్సుల మొత్తం బరువుకు కనీసం రెండింతలు మోయగలిగినది కావాలి. కాలికి మూడు భాగాలున్నది, అయిదు భాగాలున్న దానికంటే సాధారణంగా గట్టిగా నిలుస్తుంది. మధ్య స్తంభాన్ని పైకి లేపితే మూడు కాళ్ల స్టాండు ఒంటికాలి స్టాండుగా మారినట్లే. ఎత్తు చాలనప్పుడు కాళ్లనే పొడిగించాలి. సుడిదోమ వరి దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన చేరుతుంది కనుక, కాళ్లు బాగా విచ్చుకొని నేలకు దగ్గరగా వంగే రకం వరి శాస్త్రవేత్తకు తప్పనిసరి. కార్బన్ ఫైబర్ తేలిక, కంపనాన్ని బాగా అణచివేస్తుంది. అయితే గట్టి దెబ్బకు పగలవచ్చు, ధర కూడా ఎక్కువ. జీపు వెనుక పడి తిరిగే సామానుకు అల్యూమినియమే మేలు.

దమ్ము చేసిన మడిలో కాళ్లు దిగబడతాయి. ఒక్కొక్క కాలి కింద చిన్న చెక్క పలక వేస్తే చాలు. గాలి వీచేటప్పుడు మధ్య కొక్కేనికి మట్టి నింపిన సంచి కట్టాలి. సంచి నేలను కొద్దిగా తాకుతూ ఉండాలి, లేకపోతే అదే లోలకమై ఊగుతుంది. షట్టరును వేలితో నొక్కక టైమరు వాడాలి.

నిర్వహణ విషయంలో నిర్లక్ష్యం మరింత ఎక్కువ. నల్లరేగడి బురద ఆరకముందే కడగాలి. ఆరితే తాళాల సందుల్లో బిగుసుకుంటుంది. ఎర్రనేలల ఇసుక రేణువులు మరలను అరగదీస్తాయి. తిప్పి బిగించే తాళాలను అప్పుడప్పుడు విప్పి తుడవాలి, మీట తాళాల మరలను బిగిస్తూ ఉండాలి. గ్రీజు పలుచగా రాయాలి, ఎక్కువైతే దుమ్మును పట్టుకుంటుంది. తీరప్రాంత రొయ్యల చెరువుల వద్ద వాడినప్పుడు అదే రోజు మంచినీటితో కడగడం అవసరం, ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది. కడిగిన తరువాత కాళ్లు మడవకుండా, పూర్తిగా చాచి, నీడలో ఆరబెట్టాలి.

ఒకే మడిని నాటు నుండి కోత వరకు చిత్రించే ప్రయోగాల్లో మూడు కాళ్ల స్థానాలకూ మేకులు పాతి, కాళ్ల పొడవును పెయింటు గీతతో గుర్తించి, ఆ కొలతలను ప్రయోగ పుస్తకంలో తేదీతో పాటు నమోదు చేయాలి. పూత దశలో తప్పిన చిత్రాన్ని మళ్లీ తీయాలంటే మరుసటి పంటకాలం వరకు ఆగవలసిందే.